శీతజలములపై పడవ నడుపువారి యుడుపు

గడచిన వేసవి సెలవుల పిదప పాఠశాల తెరువబడిన మొదటి వారమున, మన పూర్వవిద్యార్థి యొకని తండ్రి మా యొద్దకు వచ్చి, తన ఫోనునందలి ఛాయాపటము నొకదానిని చూపెను. అందు ఆ చిన్నవాడు తలయు చేతులును తప్ప తక్కిన దేహమంతయు కప్పెడు ఎఱ్ఱని యుడుపు ధరించి, సన్నని పడవ యొకదాని ప్రక్క నిలిచియుండెను. వెనుక సముద్రమువలె కనబడు సరస్సు; గట్టు నీడలలో ఇంకను కరగని మంచు.

"మాష్టరుగారూ, మావాడు ఈ సంచిలో దూరి మంచునీళ్లమీద పడవ నడుపుచున్నాడు. మొన్న చలికి బిగుసుకొనిపోయి, మాట తడబడగా, తోటివారు గట్టునకు చేర్చిరట. సంచి మంచిదే యైనచో వానికి చలి యేల పట్టవలెను? మంచిది కానిచో అంత డబ్బు దానికేల పోయవలెను? వానికి సామాన్యశాస్త్రము చెప్పినవారు మీరే గనుక మిమ్మునే యడుగుచున్నాను" అని ఆయన యనెను.

ఆ తుదిమాట మాకు కొంచెము తగిలినది. ఆ బాలునికి ఉష్ణవాహకత్వమును గూర్చిన పాఠము చెప్పినవారము మేమే. వాడు పరీక్షలో ఆ ప్రశ్నకు చక్కగా వ్రాసి మంచి మార్కులు కూడ తెచ్చుకొనెను. అయినను ఆ పాఠము వాని యంగీక్రిందికి దిగలేదు. కావున ఆ చిన్నవాని యుత్తరమును చదివి, ఆ సంగతిని గూర్చి గ్రంథములు పరికించి, మేము తెలిసికొన్నదానిని ఇచ్చట వ్రాయుచున్నాము. మన సంఘములలో బిడ్డలను శీతదేశములకు చదువులకు పంపిన తలిదండ్రులు ఇప్పుడనేకులున్నారు. వారికి ఇది వట్టి వినోదముగా తోచదని మా తలంపు.

ఆ సరస్సు పేరు సుపీరియరు. అమెరికా సంయుక్త రాష్ట్రములకును కెనడాకును నడుమ ఉన్నది. వైశాల్యములో లోకమందలి మంచినీటి సరస్సులన్నిటిలో పెద్దది. దాని వైశాల్యము 82,000 చదరపు కిలోమీటర్లు, మిక్కిలి లోతైన చోట లోతు 406 మీటర్లు. దాని దక్షిణతీరమున విస్కాన్సిను రాష్ట్రములో అపొస్తలుల ద్వీపములను పేరుగల దీవులున్నవి. (అపొస్తలులు పండ్రెండుగురే గాని ఆ దీవులు ఇరువదిరెండు. పేరు పెట్టినవారు లెక్కించి పెట్టలేదని తోచుచున్నది.) ఆ తీరపు ఇసుకరాతి గుహలను చూచుటకై జనులు కయాకు అను సన్నని పడవలలో పోవుదురు. మన కొల్లేటి తాటిదోనెలో మనిషి నిలిచి గడవేయును. కయాకులో నడుము వరకు దూరి కూర్చుండి, రెండు కొనలను ఆకులుగల తెడ్డుతో ఇటునటు నీటిని త్రోయుదురు. అది బొత్తిగా ఇరుకైనది, సులభముగా బోర్లపడును.

దోనె బోర్లపడినచో కొల్లేటి పిల్లవాడు నవ్వుచు లేచును, ఏలయనగా ఆ నీరు వెచ్చనిది. సుపీరియరు నీరు మే నెలలో దాదాపు 4 డిగ్రీలు మాత్రమే. ఇందొక మోసమున్నది. ఆ నెలలో గాలి 20 డిగ్రీలుండవచ్చును, ఎండ చక్కగా కాయును, పక్షులు కూయును, మనిషి చొక్కా విప్పవలెనని తలంచును. గాలి వేడెక్కుటకు కొన్నిదినములు చాలును గాని అంత లోతుగల నీరు వేడెక్కుటకు నెలలు పట్టును. అందుచేత అచ్చటి ఓడగాండ్రు "గాలినిబట్టి గాక నీటినిబట్టి దుస్తులు వేసికొనుము" అని క్రొత్తవారికి మొదట నేర్పుదురు.

నీరు గాలికంటె ఏల క్రూరమైనదో విద్యార్థులకు తెలియును. నిలిచియున్న గాలికంటె నిలిచియున్న నీరు సుమారు 25 రెట్లు వేగముగా వేడిని కొనిపోవును. ఇదిగాక, ఒక లీటరు గాలిని ఒక డిగ్రీ వేడిచేయుటకు పట్టు వేడికంటె ఒక లీటరు నీటికి మూడువేల రెట్లకు మించి కావలెను. అనగా, చన్నీరు మన దేహమునుండి ఎంత వేడిని త్రాగినను తాను వేడెక్కదు. అట్టి నీటిలో మామూలు దుస్తులతో పడినవానికి కలుగు ఆపదలను కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ పండితుడగు గోర్డను గీస్‌బ్రెక్టు జ్ఞాపకముంచుకొనుటకు తగిన మూడు అంకెలలో చెప్పెను: ఒకటి, పది, ఒకటి. మొదటి నిమిషమున ఊపిరి ఉలికిపడును. తన యిచ్ఛ లేకయే మనిషి గట్టిగా ఊపిరి లాగును, ఆ క్షణమున నోరు నీటిలోనున్నయెడల మునిగిపోవును. తరువాత పది నిమిషములు చేతులు పనిచేయును. అటుపిమ్మట వ్రేళ్లు చెప్పినమాట వినవు, ఈదుట సాగదు. ఇంచుమించు ఒక గంటకు దేహపు లోపలి వేడి తగ్గి తెలివి తప్పును. చలిచేత చచ్చుటకు గంట పట్టుననుకొని ధైర్యముగా నుండువారు తరచుగా మొదటి నిమిషములోనే పోవుదురు. కావుననే, యుడుపు ఎంత మంచిదైనను, దానిపైన తేల్చెడి కవచము, అనగా లైఫుజాకెట్టు, విడువరాదు.

ఇక ఆ యుడుపు మాట. దానిని డ్రైసూటు అందురు. మనము పొడియుడుపు అనవచ్చును. అది నీరు చొరని పలుచని గుడ్డతో మెడనుండి పాదములవరకు ఒకటిగా కుట్టబడినది. మెడయొద్దను మణికట్లయొద్దను రబ్బరుపట్టీలు చర్మమును గట్టిగా హత్తుకొనియుండును. పాదములకు అదే గుడ్డతో మేజోళ్లు కలిసియుండును. దూరుటకు నీరుచొరని జిప్పు ఒకటి. అంతే. అందులో దూదిలేదు, ఉన్నిలేదు. ఆ యుడుపునకు వేడి నిచ్చు శక్తి ఏమాత్రమును లేదు. నీటిని బయట నుంచుట యొకటే దాని పని. మన పూర్వవిద్యార్థి తెలియనిది ఇదియే. అంత వెల యిచ్చి కొన్నది వెచ్చగా నుంచకపోవునా యని తలంచి, లోపల మామూలు నూలు బనియనును, జీన్సు గుడ్డ పంట్లామును మాత్రమే వేసికొనెను.

ఈ సంగతిని మేము మా ఎనిమిదవ తరగతిలో ఒక బక్కెట్టుతో పరీక్షించి చూచితిమి. చేపల వర్తకుని యొద్దనుండి మంచుగడ్డ తెప్పించి, పగులగొట్టి, నీళ్లలో వేసితిమి. ముగ్గురు బాలురను పిలిచి, ముగ్గురి చేతులకును చిల్లులులేని ప్లాస్టిక్కు సంచులు తొడిగి, మణికట్టునొద్ద రబ్బరుతో బిగించితిమి. మొదటివానికి సంచి మాత్రమే. రెండవవానికి సంచిలోపల పొడి ఉన్ని మేజోడు. మూడవవానికి నీటిలో తడిపి పిండిన నూలు మేజోడు. ముగ్గురును ఒక్కసారి చేతులు ముంచిరి. మొదటివాడు, చేతికి తడియంటకున్నను, కొద్దిసేపటికే "అబ్బా" యని చేయి తీసెను. మూడవవాడు వానికంటె కొంచెము తరువాత తీసెను. రెండవవాడు చుట్టు చూచుచు, ఇంకను ఎంతసేపుంచవలెనని యడుగుచుండెను. తరగతిలో వెంటనే తగవు పుట్టినది. ప్రతివాడును రెండవవాని మేజోడు కావలెననెను.

సంచి నీటిలో దిగగానే అది చేతిని అంటుకొని ముడుతలుపడుటను బాలురు చూచిరి. నీటి బరువు సంచిని నొక్కి, లోపలి గాలిని పైకి త్రోసివేయును. పొడియుడుపులోను అట్లే. మునిగిన కాళ్లవద్ద ఆ గుడ్డ చర్మమునకు అంటుకొనును. చర్మమునకును మంచునీటికిని నడుమ ఒక కాగితమంత దళసరి మాత్రమే మిగులును. అక్కడ గాలిని పట్టి నిలుపునది ఉన్నిపోగుల నడుమనున్న సందులే. మనలను వెచ్చగా నుంచునది ఉన్ని కాదు, ఉన్ని పట్టియుంచిన గాలి. పొడియుడుపు ఆ ఉన్నిని పొడిగా నుంచును. ఒకటి లేక రెండవది పనికిరాదు.

ఈ యుక్తి నేటిది కాదు. గ్రీన్లాండు వాసులగు ఇన్యూయిట్ జనులు రబ్బరును ఎరుగక మునుపే దీనిని సాధించిరి. కయాకు అను మాట వారిదే. వారు సీలు అను సముద్రజంతువు చర్మముతో తుయిలికు అను అంగీ కుట్టి, దాని కుళ్లాయిని ముఖము చుట్టును, చేతులను మణికట్టు చుట్టును త్రాళ్లతో బిగించి, క్రింది యంచును పడవ నోటికే కట్టివేయుదురు. అప్పుడు మనిషియు పడవయు ఒకటే. బోర్లపడినను నీరు లోపలికి రాదు, తెడ్డుతో ఒక్క త్రిప్పు త్రిప్పి మరల పైకి లేచెదరు. తిమింగలములను వేటాడునప్పుడు తలనుండి పాదములవరకు ఒకటిగా కుట్టిన సీలుచర్మపు టుడుపును ధరించువారు. 1721వ సంవత్సరమున గ్రీన్లాండునకు వెళ్లిన మిషనరీ హాన్సు ఎగేదె తన గ్రంథమందు దానిని వర్ణించెను. అట్టి యుడుపు ఒకటి కోపెన్‌హేగను నగరమందలి జాతీయ మ్యూజియములో నేటికిని ఉన్నది. అలాస్కాకు నైరృతిగా నున్న దీవులలోని అల్యూట్ జనులు సముద్రజంతువుల ప్రేగులను చీల్చి, ఎండబెట్టి, పట్టీలుగా చేర్చి వానపైయంగీలు కుట్టిరి. అవి తేలికయైనవి, పలుచనివి. ఈ జాతుల స్త్రీలు సూదిని చర్మపు పూర్తిమందములో దూర్చక సగముమందములోనే నడిపి, నరముల దారముతో కుట్టువేయుదురు. తడిసినప్పుడు ఆ దారము ఉబ్బి రంధ్రమును తానే మూయును. భర్త ప్రాణము భార్య కుట్టుమీద నిలిచియుండెనని చెప్పుట అలంకారము కాదు. మన బాలికల కుట్టు తరగతిలో దీనిని చెప్పగా, అంతవరకు గుసగుసలాడుచున్నవారు కూడ తలలెత్తిరి.

మరి మన చిన్నవానికి సంభవించినదేమి? వాడు నీటిలో పడనే లేదు. వాని యుడుపులోనికి ఒక్క బొట్టైనను చొరలేదు. అయినను వాడు తడిసెను. ఎట్లు? చెమటచేత.

ఊరకకూర్చున్న మనిషి దేహమునుండి దాదాపు నూరు వాట్ల దీపమంత వేడి వెలువడుచుండును. తెడ్డు గట్టిగా వేయునప్పుడు అది అయిదారు రెట్లగును. కండరములు ఖర్చుచేయు శక్తిలో ఇంచుమించు నాలుగింట మూడువంతులు వేడిగానే మారును. ఆ ఎండలో, ఆ మూసిన యుడుపులో, క్రొత్త ఉత్సాహముతో మనవాడు అందరికంటె ముందు పోవలెనని రెండు గంటలు తెడ్డువేసెను. చెమట కారెను. నూలు దానిని త్రాగెను. నూలుపోగు నీటిని పీల్చుకొని మెత్తబడి చర్మమునకు అంటుకొనును, గాలి నిలుచు సందులన్నియు నీటితో నిండును. ఎండకాలమున మనకు నూలు హితమైనది ఇందుచేతనే. ఆ గుణమే అచ్చట శత్రువైనది. తరువాత వారు భోజనమునకై ఒక దీవియొద్ద ఆగిరి. పని ఆగినది, వేడి పుట్టుట తగ్గినది. సరస్సుమీదినుండి గాలి వీచినది. తడిబట్ట మాత్రము ఒంటిని విడువలేదు. పావుగంటలో వణకు పట్టెను. రొట్టెపొట్లము విప్పుటకు వ్రేళ్లు లొంగలేదు. ఎవరైన పలకరించిన విసుగుకొనుటయు, మాట గొణుగుటయు, నడకలో తొట్రుపాటును కనబడెను. ఇవి చలి మెదడును ముట్టుచున్నదనుటకు గురుతులు. దేహపు లోపలి వేడి 37 డిగ్రీలనుండి 35కు తగ్గినచో వైద్యులు దానిని అపాయస్థితిగా నెంచుదురు. మిక్కిలి భయంకరమైన సంగతి యేమనగా, ఆ స్థితిలో ఉన్నవాడు "నాకేమియు లేదు" అనును. మనవాడు కూడ అట్లే యనెనట.

అతని అదృష్టముచేత వెంటనున్నవారిలో నొకరు అనుభవశాలి. వానిని గాలి తగులని చోటికి తీసికొనిపోయి, తడిబట్టలు విప్పించి, తమవద్దనున్న పొడి ఉన్నిబట్టలు తొడిగి, క్రింద చాప పరచి కప్పి, వాడు చక్కగా మింగగలుగుచున్నాడని చూచిన పిమ్మట తియ్యని వెచ్చని పానీయమిచ్చిరి. కాళ్లుచేతులు రుద్దలేదు, పరుగెత్తింపలేదు. సారాయి యియ్యలేదు, సారాయి చర్మమునకు రక్తమును రప్పించి వెచ్చదనమను భ్రమ పుట్టించునే గాని లోపలి వేడిని బయటికి పారబోయును. సాయంకాలమునకు మనవాడు తెప్పరిల్లెను.

అయినచో చెమటకు మందేమి? ఉపాయములు కొన్ని కలవు. చర్మమునకు తగులు బట్ట పలుచని ఉన్నిదైనను, పాలియెస్టరు మొదలగు కృత్రిమపు నూలుదైనను కావలెను. పాలియెస్టరుపోగు నీటిని దాదాపు త్రాగనే త్రాగదు. ఉన్ని తడిని తనలోనికి కొంత తీసికొన్నను మెత్తబడి కూలక గాలిని పట్టుచునే యుండును. దానిపైన దూదివలె పొంగిన దళసరి బట్ట, నీటి చల్లదనమును బట్టి ఒకటియో రెండో పొరలు. మంచి పొడియుడుపుల గుడ్డలో ఒక సూక్ష్మమైన పొర యున్నది. 1969లో రాబర్టు గోరు అను నతడు టెఫ్లాను అను పదార్థమును చటుక్కున సాగలాగి, నీటిబొట్టు దూరనంత చిన్నవియు ఆవిరి దూరిపోవునంత పెద్దవియు నైన రంధ్రములుగల పొరను కనుగొనెను. దానిచేత చెమట ఆవిరియై కొంత బయటికి పోవును. కొంత యనుటయే మా యభిప్రాయము. అమ్మకపువారి మాటలు విన్నచో ఆ గుడ్డ కిటికీవలె పనిచేయునని తోచును. కాని బయటి గుడ్డ మంచునీటిచేత చల్లబడియున్నప్పుడు, చల్లని యిత్తడిచెంబుమీద చెమర్చినట్లు, ఆవిరి లోపలిగోడమీదనే నీరై కారును. దానికంటె నమ్మదగిన ఉపాయము మెల్లగా తెడ్డు వేయుట. ఒళ్లు వేడెక్కినయెడల జిప్పు విప్పరాదు. టోపీని నీటిలో ముంచి తలమీద పెట్టుకొనవచ్చును, లేదా ఒకసారి భుజములవరకు మునిగి లేవవచ్చును. ఆగినప్పుడు చల్లబడకమునుపే మరియొక వెచ్చని అంగీని యుడుపుపైన వేసికొనవలెను. చలి వేసిన తరువాత వేసికొనుట ఆలస్యము.

తలను గూర్చి ఒక మాట. దేహపు వేడిలో సగము తలనుండియే పోవునను మాట నిజము కాదు. తల తన వైశాల్యమునకు తగినంత వేడినే పోగొట్టును. అయినను తక్కినదంతయు కప్పి తలను మాత్రము విడిచినచో, నష్టము దానినుండియే గదా కలుగవలెను! మరియు ముఖమునకు చన్నీరు తగిలిన ఊపిరి ఉలికిపడును. కావున అచ్చటివారు నురుగువంటి రబ్బరుతో చేసిన కుళ్లాయి వాడుదురు. చేతుల చిక్కు వేరు. దళసరి చేతితొడుగులు వేసికొన్న తెడ్డు పట్టు తెలియదు. అందుచేత తెడ్డుకే ఒక సంచి తొడిగి, అందులోనికి ఒట్టిచేయి దూర్చి పట్టుకొందురు. ఇది చూచుటకు వింతగా నున్నను తెలివైన పద్ధతి.

నీటిలో దిగకమునుపు మెడపట్టీని వ్రేలితో కొంచెము ఎడముచేసి, గొంతుకూర్చుండి, యుడుపులోని అధికమైన గాలిని వెళ్లగొట్టవలెను. లేనిచో పడినప్పుడు గాలి కాళ్లలోనికి చేరి కాళ్లు పైకి తేలును. జిప్పు తుదివరకు మూయబడెనా యని మరియొకరిచేత చూపించుకొనవలెను. రబ్బరుపట్టీలు నూనె తగిలినను ఎండలో నుంచినను చీలిపోవును.

ఇదంతయు మేము ఆ తండ్రికి రెండు సాయంకాలములు చెప్పితిమి. ఆయన మొదట ఆ యుడుపును అమ్మివేయుమని వ్రాయించుటకు వచ్చినవాడు. తుదకు "అయితే వానికి ఉన్ని పంపవలెను" అనెను. మన సముద్రతీరపు టూళ్లలో ఉన్ని యెక్కడ? బాలికల వసతిగృహమందలి అమ్మగారు ఒకరికి అల్లిక వచ్చును. ఆమె హైదరాబాదునుండి దారము తెప్పించి, బాలుని తల్లికి నేర్పి, ఇద్దరును కలిసి జూలై ఆగస్టు నెలలలో రెండు జతల మేజోళ్లు అల్లిరి. ఆ తల్లి తన కుమారునికి చలి తగులకూడదని మందముమీద మందముగా అల్లెను. పొట్లము సముద్రములు దాటి పోయెను.

అక్టోబరులో ఉత్తరము వచ్చినది. మేజోళ్లు దివ్యముగా నున్నవి గాని, వాటితో బూట్లు ఎక్కినవి కావట. బలవంతముగా ఎక్కించి ఒక దినము పడవ నడుపగా మునుపటికంటె ఎక్కువగా పాదములు చల్లబడినవట. బిగువైన బూటు రక్తపు రాకపోకలను నొక్కి, ఉన్నిలోని గాలిని పిండివేయుననుట వానికి ఈసారి ఎవరును చెప్పనక్కరలేకపోయెను. రెండు అంకెలు పెద్దవైన బూట్లు కొనుక్కొనియున్నాడు. బూట్ల వెల విని తండ్రి మరల మా యొద్దకు వచ్చెను.